కాజీపేట ఇంజిన్‌లా వెలగాలంటే: మోడల్ రైలింజిన్‌కు లైట్లు ప్రోగ్రామ్ చేసే పద్ధతి

రాత్రి ఎనిమిది దాటాక ప్లాట్‌ఫాం టికెట్ తీసుకుని కాజీపేట జంక్షన్‌లో ఒక గంట కూర్చోండి. చేతిలో చిన్న నోట్‌బుక్కు, పెన్ను ఉండాలి. ఈ పనికి మొదటి మెట్టు ఇదే. సోల్డరింగ్, కంప్యూటరు అన్నీ దీని తర్వాతే.

రామగుండం వైపు నుంచి బొగ్గు గూడ్సు వస్తుంటే ముందుగా కనిపించేది హెడ్‌లైటు. ఎదురుగా ఇంకో బండి వస్తే లోకో పైలట్ దాన్ని డిమ్ చేస్తారు. బండి లేకుండా ఒంటరిగా షెడ్డుకు వెళ్లే ఇంజిన్‌కు వెనక ఎర్ర మార్కర్లు, అంటే చిన్న గుర్తు దీపాలు, వెలుగుతాయి. యార్డులో షంటింగ్ చేసే ఇంజిన్‌కు ముందూ వెనకా ఎర్రవే. క్యాబ్ మీద పసుపు ఫ్లాషర్ కొట్టుకుంటోందంటే ఏదో ప్రమాదం జరిగిందని, పక్క లైన్లో వచ్చే బండి వెంటనే ఆగాలని అర్థం. ఒక్కో లైటు ఒక్కో మాట. మోడల్ మీద లైటు పెడుతున్నామంటే ఆ మాట పలికించాలి.

ఇది ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మోడల్ ఇంజిన్ లోపల పెట్టే డీకోడర్ అనే చిన్న సర్క్యూట్ బోర్డుతో వచ్చే పుస్తకం తెరవగానే ఎఫెక్టుల పట్టిక ఒకటి కనిపిస్తుంది. మార్స్ లైటు, జైరాలైటు, డిచ్ లైట్లు, స్ట్రోబ్. ఇవి అమెరికా ఇంజిన్లకు పుట్టినవి. మార్స్ లైటు కాంతిపుంజం ఊగుతూ గాల్లో ఎనిమిది అంకె గీస్తుంది. అక్కడి బండి మీద చాలా అందంగా ఉంటుంది. మన డబ్ల్యూడీఎం-3ఏ డీజిల్ ఇంజిన్ మీద పెడితే మాత్రం, కాజీపేట షెడ్డు చూసి పెరిగిన ఎవరికైనా ఒక్క చూపులో తేడా తెలిసిపోతుంది. కాబట్టి పట్టికలో ఉన్నవన్నీ వాడాలన్న ఉబలాటం పక్కన పెట్టండి. మనకు కావలసినవి నాలుగైదే. వాటిని సరిగ్గా చేద్దాం.

లైట్లు ఎన్ని, తీగలు ఎన్ని

నేను ఉదాహరణగా తీసుకుంటున్నది హెచ్‌ఓ స్కేలు, అంటే 1:87 సైజు డబ్ల్యూడీఎం-3ఏ. అమెరికన్ ఆల్కో ఇంజిన్ చట్రం, మోటారు తీసుకుని, దాని మీద 3డీ ప్రింట్ చేసిన బాడీ కూర్చోబెట్టాను. మీది డబ్ల్యూఏజీ-9 కరెంటు ఇంజిన్ అయినా, ఇంకేదైనా పద్ధతి ఇదే.

డీసీసీ (డిజిటల్ కమాండ్ కంట్రోల్) పద్ధతిలో పట్టాల మీద ఎప్పుడూ పూర్తి వోల్టేజీ ఉంటుంది. హెచ్‌ఓకు సుమారు 14 నుంచి 16 వోల్టులు. ఆ కరెంటుతో పాటే ఆదేశాలు కూడా పట్టాల్లోనే ప్రయాణిస్తాయి. ఇంజిన్‌లో ఉన్న డీకోడర్ తన అడ్రసుకు వచ్చిన ఆదేశాన్ని చదివి మోటారును, లైట్లను నడుపుతుంది. అందుకే ఇంజిన్ ఆగి ఉన్నా లైటు నిండుగా వెలుగుతుంది. పట్టాల వోల్టేజీ మార్చి వేగం మార్చే పాత డీసీ పద్ధతిలో అది కుదరదు.

డీకోడర్ తీగల రంగులు ఎన్‌ఎంఆర్‌ఏ (అమెరికాలోని మోడల్ రైళ్ల సంఘం) ప్రమాణం ప్రకారం ఉంటాయి. ఎరుపు, నలుపు పట్టాల నుంచి వచ్చేవి. నారింజ, బూడిద మోటారువి. నీలం అన్ని లైట్లకూ ఉమ్మడి ప్లస్. తెలుపు ముందు హెడ్‌లైటు, పసుపు వెనక హెడ్‌లైటు. ఆకుపచ్చ మూడో అవుట్‌పుట్, ఊదా నాలుగోది. దీని బట్టి నేను ఆరు అవుట్‌పుట్‌ల డీకోడర్‌కు ఇలా పంచాను:

ఒకటి (తెలుపు) ముందు హెడ్‌లైటు, దానితోనే ముందు తెల్ల మార్కర్లు. రెండు (పసుపు) వెనక హెడ్‌లైటు, వెనక తెల్ల మార్కర్లు. మూడు (ఆకుపచ్చ) ఫ్లాషర్. నాలుగు (ఊదా) ముందు ఎర్ర మార్కర్లు. ఐదు వెనక ఎర్ర మార్కర్లు. ఆరు క్యాబ్ లోపలి లైటు.

తెల్ల మార్కర్లను హెడ్‌లైటుతో కలపడం ఒక రాజీ. షంటింగ్‌లో హెడ్‌లైటు వేస్తే ఎర్రవాటితో పాటు తెల్ల మార్కర్లూ వెలుగుతాయి. అది కళ్లకు తప్పుగానే కనిపిస్తుంది. నేను షంటింగ్‌లో హెడ్‌లైటు ఆపేసి సర్దుకుంటాను. మీకు అది నచ్చకపోతే ఎనిమిది అవుట్‌పుట్‌లు ఉన్న డీకోడర్ కొనండి. ఖర్చు పెరిగినా ఆ డబ్బు వృథా కాదు. కొనేముందు ఒక్క విషయం చూడాలి. కొన్ని డీకోడర్లలో ఐదో అవుట్‌పుట్ నుంచి లాజిక్ లెవెల్‌లో మాత్రమే వస్తాయి. అంటే నేరుగా లైటు వెలిగించే బలం ఉండదు, మధ్యలో ఒక ట్రాన్సిస్టర్ పెట్టాలి.

ఇంకోటి: మీ ఇంజిన్‌కు ముందు ఏదో ఇప్పుడే తేల్చుకోండి. డబ్ల్యూడీఎం-3ఏకు క్యాబ్‌కు ఒక వైపు షార్ట్ హుడ్ (పొట్టి ముక్కు), ఇంకో వైపు లాంగ్ హుడ్ (పొడవు ముక్కు). తెల్ల తీగ ఏ వైపు పెడతారో అదే డీకోడర్ దృష్టిలో ముందు.

ఎల్‌ఈడీ పని

నేను వాడేవి 0603 సైజు ఎల్‌ఈడీలు. 1.6 మిల్లీమీటర్ల పొడవు, 0.8 వెడల్పు. నువ్వుగింజ కన్నా చిన్నవి. ఇంత చిన్నదానికి మామూలు వైరు పనికిరాదు. ఎనామెల్ రాగి తీగ కావాలి. దానికోసం ఎక్కడో వెతకనక్కర్లేదు. మన ఊళ్లలో మోటారు వైండింగ్ షాపు లేని సెంటరు లేదు. సీలింగ్ ఫ్యాన్‌కు చుట్టే 36 గేజీ తీగ కొన్ని మూరలు అడిగితే చాలు, మొత్తం ఇంజిన్‌కు సరిపోతుంది. రెసిస్టర్లు టీవీ రిపేర్ చేసేవాళ్ల దగ్గర దొరుకుతాయి.

డబల్ సైడ్ టేపు ముక్కను బల్ల మీద అతికించి, దాని మీద ఎల్‌ఈడీని వెల్లకిలా పెట్టండి. తీగ కొసను సోల్డరింగ్ ఐరన్ మొన మీద కొద్దిసేపు కరిగిన సోల్డరులో ముంచితే ఎనామెల్ కాలి, రాగి మెరుస్తుంది. మెరవకపోతే బ్లేడుతో గీకండి. ఎల్‌ఈడీ మీద చిన్న చుక్క సోల్డరు ముందే వేసి ఉంచుకుని, తీగను ఆనించి, ఐరన్ ఒక్క సెకను తాకించి తీసేయాలి. ఎక్కువసేపు ఆనిస్తే ఎల్‌ఈడీ పోవచ్చు. ఊపిరి బిగబట్టి చేసే పని ఇది. తీగలు రెండూ అతికాక మల్టీమీటరు డయోడ్ సెట్టింగులో పెట్టి చూడండి. ఎల్‌ఈడీ మసకగా వెలిగినప్పుడు ఎర్ర ప్రోబ్ ఉన్న తీగే ప్లస్. ఆ తీగకు అక్కడికక్కడే రంగు పూయండి, తర్వాత గుర్తుండదు.

ప్లస్ తీగ డీకోడర్ నీలానికి, మైనస్ తీగ రెసిస్టర్ గుండా తెలుపు, పసుపు లాంటి అవుట్‌పుట్ తీగకు వెళ్లాలి. రెసిస్టర్ లెక్క సులువు. పట్టాల మీద 14 వోల్టులు, తెల్ల ఎల్‌ఈడీ తినేది సుమారు 3 అనుకుంటే మిగిలేవి 11. ఒక కిలో ఓమ్ పెడితే 11 మిల్లీ ఆంపియర్లు వస్తాయి. హెడ్‌లైటుకు అదే ఎక్కువ. నేను 2.2 కిలో పెడతాను, 5 మిల్లీ ఆంపియర్లు. మార్కర్లకు 10 కిలో వరకు వెళ్లినా పరవాలేదు. అసలు ఇంజిన్‌లో మార్కరు ఎప్పుడూ హెడ్‌లైటు కన్నా బాగా మసకే కదా. ట్విన్ బీమ్ హెడ్‌లైటుకు రెండు తెల్ల ఎల్‌ఈడీలు ఒకదాని వెనక ఒకటిగా, అంటే సిరీస్‌లో కలిపి ఒకే రెసిస్టర్ ఇవ్వండి. రెండూ సమానంగా వెలుగుతాయి. వేర్వేరు రంగుల ఎల్‌ఈడీలను పక్కపక్కన పారలల్‌లో కలిపి ఒకే రెసిస్టర్ ఇస్తే మాత్రం ఎర్రది వెలిగి తెల్లది ఆరిపోతుంది. ఎర్రదానికి 2 వోల్టులే చాలు కాబట్టి కరెంటంతా అటే పోతుంది.

రంగు విషయంలో శ్రద్ధ పెట్టండి. పాత బల్బు హెడ్‌లైటు ఉన్న ఇంజిన్‌కు వార్మ్ వైట్, ఎల్‌ఈడీ హెడ్‌లైటు వచ్చిన తర్వాతి ఇంజిన్‌కు కూల్ వైట్. ఇది మార్చి పెడితే ఏ ప్రోగ్రామింగూ కాపాడలేదు.

బాడీ మూసే ముందు లోపలి గోడలకు నల్ల రంగు, దాని మీద తెల్ల రంగు వేయాలి. లేకపోతే ప్లాస్టిక్ గుండా కాంతి కారి ఇంజిన్ మొత్తం లాంతరులా కనిపిస్తుంది. నీలం తీగ అతుకుల మీద ష్రింక్ ట్యూబ్ తప్పనిసరి. నా మొదటి డీకోడర్ అలాగే పోయింది. బాడీ నొక్కి మూస్తుంటే నీలం తీగ కొస చట్రానికి తగిలింది. చిన్న పొగ, కాలిన వాసన, అంతే.

ప్రోగ్రామింగ్ ట్రాక్ మీద

డీకోడర్ లోపల సెట్టింగులన్నీ సీవీలు అనే నంబర్ల గదుల్లో ఉంటాయి. ప్రతి గదిలో 0 నుంచి 255 లోపు ఒక అంకె. లైట్లు ప్రోగ్రామ్ చేయడమంటే ఏ గదిలో ఏ అంకె రాయాలో తెలియడమే.

పట్టాల్లోకి ఆదేశాలు పంపే పెట్టె కమాండ్ స్టేషన్. దానికి ప్రోగ్రామింగ్ ట్రాక్ అని విడిగా ఒక అవుట్‌పుట్ ఉంటుంది. ఒక మూర పట్టా ముక్కను దానికి కలపండి, మిగతా లేఅవుట్‌కు, అంటే మీరు పరిచిన మోడల్ పట్టాల ఏర్పాటుకు, అది తగలకూడదు. ఖర్చు తగ్గించుకోవాలంటే ఆర్డుయినో మెగా, మోటారు డ్రైవర్ బోర్డు కలిపి డీసీసీ-ఈఎక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కమాండ్ స్టేషన్ ఇంట్లోనే చేసుకోవచ్చు. కంప్యూటర్‌లో జేఎంఆర్‌ఐ వాళ్ల డీకోడర్‌ప్రో (సీవీలు చదివి, రాసే సాఫ్ట్‌వేర్) పెట్టుకోండి, అదీ ఉచితమే.

మొదట చదవాల్సింది సీవీ 8. అది డీకోడర్ తయారుచేసిన కంపెనీ సంఖ్య. 129 వస్తే డిజిట్రాక్స్, 151 ఈఎస్‌యూ, 145 జిమో, 11 ఎన్‌సీఈ, 153 టీసీఎస్. ఇది ఎందుకంటే ఎఫెక్టుల సీవీలు కంపెనీకో తీరు. పక్కవాడి అంకెలు మీ డీకోడర్‌కు పనికిరావు.

సీవీ 8 చదవలేకపోతే కంగారు పడకండి. ప్రోగ్రామింగ్ ట్రాక్ మీద డీకోడర్ జవాబు చెప్పే తీరు వేరు. అది మోటారుకు ఒక్క క్షణం కరెంటు వదిలి, 6 మిల్లీ సెకన్ల పాటు కనీసం 60 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. కమాండ్ స్టేషన్ ఆ చిన్న కుదుపును చూసి అవునా కాదా తేల్చుకుంటుంది. కాబట్టి మోటారు కలపకుండా డీకోడర్‌ను, లైట్లను మాత్రమే పెట్టి చదవాలని చూస్తే జవాబు రాదు. చక్రాలు మురికిగా ఉన్నా రాదు. స్పిరిట్ అద్దిన గుడ్డతో చక్రాలు, పట్టాలు తుడిచి మళ్లీ చూడండి. పదిసార్లలో ఎనిమిదిసార్లు సమస్య అక్కడే ఉంటుంది. పట్టాల నుంచి కరెంటు తెగినా కాసేపు ఇంజిన్‌ను నడిపే స్టే అలైవ్ కెపాసిటర్ ఉంటే అది కూడా అడ్డొస్తుంది. ప్రోగ్రామింగ్ అయ్యేవరకు దాన్ని విప్పి ఉంచండి.

తర్వాత సీవీ 29 చదివి కాగితం మీద రాసుకోండి. మామూలుగా 6 ఉంటుంది, నాలుగంకెల అడ్రసు పెట్టుకుంటే 38. ఇందులో 2 అనే భాగం లైట్లకు ప్రాణం. అది 28, 128 స్పీడ్ స్టెప్పుల, అంటే వేగాన్ని పంచే మెట్ల, గుర్తు. కమాండ్ స్టేషన్ 28 స్టెప్పుల్లో మాట్లాడుతుంటే, డీకోడర్ మాత్రం 14 స్టెప్పుల్లో ఉంటే, వేగం పెంచుతున్న కొద్దీ హెడ్‌లైటు వెలిగి ఆరి, వెలిగి ఆరి పోతుంది. 14 స్టెప్పుల పద్ధతిలో వేగం ఆదేశంలోనే ఒక బిట్ హెడ్‌లైటుకు కేటాయించి ఉండడమే కారణం. చాలామంది ఇది వైరింగ్ లోపమనుకుని బాడీ విప్పుతారు. విప్పకండి. సీవీ 29కి 2 కలపండి, సరిపోతుంది.

ఏ బటన్‌కు ఏ లైటు

ఇప్పుడు అసలు పని. సీవీ 33 అంటే ఇంజిన్ ముందుకు పోతున్నప్పుడు కంట్రోలర్ మీది ఎఫ్0 బటన్. 34 వెనక్కి పోతున్నప్పుడు ఎఫ్0. 35 ఎఫ్1, 36 ఎఫ్2, 37 ఎఫ్3. ఒక్కో అవుట్‌పుట్‌కు ఒక్కో విలువ: మొదటిదానికి 1, రెండోదానికి 2, తర్వాత 4, 8, 16, 32. ఒక బటన్ నొక్కితే ఏయే లైట్లు వెలగాలో వాటి విలువలు కూడి ఆ సీవీలో రాయడమే.

మనం పంచుకున్న తీగలతో లెక్కేద్దాం. ఒంటరి ఇంజిన్ ముందుకు పోతుంటే ముందు హెడ్‌లైటు, వెనక ఎర్ర మార్కర్లు కావాలి. 1, 16 కలిపితే 17. సీవీ 33లో 17 రాయండి. వెనక్కి పోతుంటే వెనక హెడ్‌లైటు, ముందు ఎర్రవి. 2, 8 కలిపితే 10. సీవీ 34లో 10. షంటింగ్‌కు రెండు వైపులా ఎర్రవి, 8, 16 కలిపి 24. అది సీవీ 35లో. ఎఫ్1 నొక్కేముందు ఎఫ్0 ఆపేయాలని గుర్తుంచుకోండి. ఫ్లాషర్‌కు సీవీ 36లో 4, క్యాబ్ లైటుకు సీవీ 37లో 32.

మీ ఇంజిన్ ఎప్పుడూ బండి లాగుతూనే ఉంటుందా? అయితే వెనక ఎర్రవి వెలగకూడదు. వెనకే పెట్టెలున్నాయి, చివరి పెట్టెకు మెరిసే ఎర్ర దీపం విడిగా ఉంటుంది. అప్పుడు సీవీ 33లో 1, 34లో 2 చాలు. నేను మాత్రం మొదటి పద్ధతినే ఇష్టపడతాను, ఎందుకంటే మా లేఅవుట్‌లో షెడ్డు ఉంది, ఇంజిన్లు ఒంటరిగా తిరిగేదే ఎక్కువ.

ఇక్కడ ఒక మెలిక. సీవీ 38 నుంచి, అంటే ఎఫ్4 నుంచి, లెక్క జరుగుతుంది. అక్కడ 1 అంటే మొదటి అవుట్‌పుట్ కాదు, నాలుగోది. కాబట్టి ఎఫ్4కు క్యాబ్ లైటు పెట్టాలంటే సీవీ 38లో 32 కాదు, 4 రాయాలి. సీవీ 43 నుంచి మళ్లీ జరిగి 1 అంటే ఏడో అవుట్‌పుట్ అవుతుంది. జిమో, ఈఎస్‌యూ లాంటి వాళ్లకు దీనికి మించిన సొంత మ్యాపింగ్ పద్ధతులున్నాయి. వాళ్ల డీకోడర్ అయితే అంకెలు చేత్తో రాయకుండా డీకోడర్‌ప్రోలో ఫంక్షన్ మ్యాప్ పేజీ తెరిచి టిక్కులు పెట్టి రాయించండి.

రాశాక ఇంజిన్‌ను మెయిన్ ట్రాక్ మీద పెట్టి నడపండి. ముందుకు పోతుంటే వెనక హెడ్‌లైటు వెలిగిందా? సీవీ 29లో 1 కలిపితే సరిపోతుందని అనుకుంటారు. సరిపోదు. అది మోటారు దిక్కును, లైట్ల దిక్కును రెండిటినీ కలిపి తిప్పుతుంది, తేడా అలాగే ఉంటుంది. మోటారు తీగలు నారింజ, బూడిద తారుమారు చేయాలి.

మసక, మెరుపు

హెడ్‌లైటు డిమ్ చేయడం నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. ఎదురు బండి కనిపించగానే ఒక బటన్ నొక్కి డిమ్ చేసి, దాటాక మళ్లీ పెంచడంలో నిజంగా నడుపుతున్న అనుభూతి ఉంది. చాలా డీకోడర్లలో డిమ్మింగ్‌ను ఒక బటన్‌కు కట్టవచ్చు. ఈఎస్‌యూలో ప్రతి అవుట్‌పుట్ వెలుగును 0 నుంచి 31 వరకు పెట్టుకోవచ్చు. అక్కడ ముందుగా సీవీ 31లో 16, సీవీ 32లో 0 రాయాలి. పెద్ద నంబర్ల గదుల్లో ఏ అర తెరవాలో చెప్పే తాళంచెవులు ఈ రెండూ. రాయకపోతే అంకెలు వేరే చోటికి పోతాయి.

పాత బల్బు ఇంజిన్ అయితే మెల్లగా వెలిగి మెల్లగా ఆరే ఫేడ్ సెట్టింగు పెట్టండి. వేడెక్కుతున్న ఫిలమెంటులా ఉంటుంది. కొత్త ఎల్‌ఈడీ హెడ్‌లైటుకు ఫేడ్ వద్దు, టక్కున వెలగాలి.

ఫ్లాషర్‌కు వేగం కన్నా నిదానం ముఖ్యం. డిజిట్రాక్స్ ఎఫ్ఎక్స్ డీకోడర్లలో సీవీ 49 తెల్ల తీగది, 50 పసుపుది, 51 ఆకుపచ్చది, 52 ఊదాది. వాటిలో 2 రాస్తే మార్స్ లైటు, 4 ఒంటి స్ట్రోబ్, 5 జంట స్ట్రోబ్. స్ట్రోబ్ మరీ కెమెరా ఫ్లాష్‌లా కొడుతుంది, మన ఫ్లాషర్ అలా ఉండదు. వెలుగు, చీకటి సమానంగా వచ్చే మామూలు బ్లింక్ మీ డీకోడర్‌లో ఉంటే అదే వాడండి. స్టేషన్‌లో ఎప్పుడైనా నిజం ఫ్లాషర్ చూసి ఉంటే, ఆ లయను మనసులో లెక్కపెట్టుకుంటూ సరిచేయండి. మా లేఅవుట్‌లో మొదటిసారి ఎఫ్2 నొక్కిన రోజు, పక్క లైన్లో బండి నడుపుతున్న మా అక్క కొడుకు చెప్పకుండానే తన బండి ఆపేసి, "మామా, ఏమైంది?" అని అడిగాడు. వాడికి ఆ లైటు అర్థం స్టేషన్‌లో ఒకసారి చెప్పాను, అంతే.

గది లైట్లు ఆర్పి చివరి పరీక్ష చేయండి. పగటి వెలుతురులో బాగున్న మార్కరు చీకట్లో కళ్లు చెదిరేలా ఉండవచ్చు, అప్పుడు రెసిస్టర్ పెంచాలి లేదా వెలుగు తగ్గించాలి. ఫోన్‌తో వీడియో తీస్తే డిమ్ చేసిన లైటు దడదడలాడుతూ కనిపిస్తుంది. అది లోపం కాదు. డీకోడర్ కరెంటును చాలా వేగంగా ఆపి ఇస్తూ వెలుగు తగ్గిస్తుంది, కెమెరా దాన్ని పట్టేస్తుంది.

అంకెలన్నీ గందరగోళమైతే ఫ్యాక్టరీ రీసెట్ ఉంది. డిజిట్రాక్స్, ఈఎస్‌యూ, జిమోలకు సీవీ 8లో 8 రాయాలి. ఎన్‌సీఈ, టీసీఎస్‌లకు సీవీ 30లో 2. అడ్రసు మళ్లీ 3 అవుతుంది, ఇంజిన్ కదలకపోతే ఆ నంబరుతో పిలవండి. అందుకే అన్నీ కుదిరిన రోజే డీకోడర్‌ప్రో రోస్టర్‌లో సేవ్ చేయండి. సీవీ 29, 33 నుంచి 37 వరకు ఉన్న అంకెలను ఒక చిన్న కాగితం మీద రాసి, తీగల రంగులతో సహా, ఇంజిన్ డబ్బా మూత లోపలి వైపు అతికించండి.